1941 వేసవి: యాభై ఆరు గొప్పా, నాలుగు వందల ఆరు గొప్పా?

బేస్‌బాల్ కథ – 9వ భాగం

గత భాగాన్ని 1927లో బేబ్ రూత్ కొట్టిన 60 హోమ్ రన్ల దగ్గర ఆపాం. ఆ అంకెను ఇంకెవరూ దాటలేరని అప్పటి అమెరికా గట్టిగా నమ్మింది. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టాడు. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70 దాకా పోయాడు. 2001లో బ్యారీ బాండ్స్ 73కి చేరాడు. ఎవరి తరమూ కాదనుకున్నవి ఇలా ఒకదాని తర్వాత ఒకటి చెదిరిపోయాయి. 1941 వేసవిలో పుట్టిన రెండు అంకెలు మాత్రం ఎనభై ఏళ్లు దాటినా అభిమానుల నోళ్లలో నానుతూనే ఉన్నాయి. ఒకటి 56, రెండోది 0.406. మొదటిది న్యూయార్క్ యాంకీస్ సెంటర్ ఫీల్డర్ జో డిమాజియోది, రెండోది బోస్టన్ రెడ్ సాక్స్ లెఫ్ట్ ఫీల్డర్ టెడ్ విలియమ్స్‌ది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదన ఆ ఏడాదే మొదలైంది, ఇప్పటికీ తెగలేదు.

లెక్క అర్థం కావాలంటే ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలి. క్రికెట్‌లో బ్యాటర్ ఔటయ్యేదాకా ఆడుతూనే ఉండొచ్చు. బేస్‌బాల్‌లో ఒక్కో బ్యాటర్‌కు ఆటకు నాలుగైదు వంతులు వస్తే గొప్ప. బంతిని కొట్టి, ఫీల్డర్లు దాన్ని అందుకుని విసిరేలోగా మొదటి బేస్ చేరితే అది హిట్. ఫీల్డర్ తడబాటు వల్ల చేరితే హిట్ కింద రాయరు. బంతి విసిరే పిచర్ నాలుగు బంతులు పరిధి బయట వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచిపోతాడు. దాన్ని వాక్ అంటారు, సగటు లెక్కలో దానికి చోటు లేదు. పది వంతుల్లో మూడు హిట్లు కొట్టేవాడు మంచి బ్యాటర్. సీజన్ పొడుగునా పదికి నాలుగు కొట్టినవాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. వెయ్యి వంతులకు 406 హిట్లు అన్న లెక్కనే 0.406 అని రాస్తారు. అన్ని సీజన్లలోకీ అదే పెద్ద సగటు కాదు. 1924లో రోజర్స్ హార్న్‌స్బీ 0.424 సాధించాడు. 1941 తర్వాత అమెరికన్ లీగ్‌లో గానీ నేషనల్ లీగ్‌లో గానీ ఇంకెవరూ 0.400 అందుకోకపోవడమే విలియమ్స్ అంకెకున్న ప్రత్యేకత.

ముందు డిమాజియో 56 సంగతి, అంటే వరుసగా 56 ఆటల్లో ఆటకు కనీసం ఒక హిట్ కొట్టిన సంగతి, చూద్దాం. మే 15న యాంకీ స్టేడియంలో చికాగో వైట్ సాక్స్ చేతిలో యాంకీస్ 13–1తో చిత్తుగా ఓడింది. ఆ ఆటలో ఎడమచేతి పిచర్ ఎడ్డీ స్మిత్ వేసిన బంతికి డిమాజియో ఒక సింగిల్ (మొదటి బేస్ దాకా చేర్చే హిట్) కొట్టాడు. అంత ఘోరంగా ఓడిన రోజు ఒక సింగిల్‌ను ఎవరు పట్టించుకుంటారు? మర్నాడు ఒక హిట్, ఆ మర్నాడు ఇంకొకటి. రెండు వారాలు గడిచినా పెద్దగా ఎవరి కంటా పడలేదు.

జూన్ 2న డిమాజియో క్లీవ్‌లాండ్‌లో బాబ్ ఫెల్లర్ నిప్పులాంటి బంతులను ఎదుర్కొన్నాడు, వరుస తెగలేదు. అదే రోజు న్యూయార్క్‌లో లూ గెరిగ్ కన్నుమూశాడు. అప్పటికి రెండేళ్ల క్రితం దాకా అదే జట్టులో ఒక్క ఆటా మానకుండా వరుసగా 2,130 ఆటలు ఆడిన మనిషి, నరాల జబ్బుతో 37 ఏళ్లకే పోయాడు. ఆ 2,130ని మించినవాడు ఇక పుట్టడన్నారు. 1995 సెప్టెంబరు 6న బాల్టిమోర్ ఆటగాడు కాల్ రిప్కెన్ దాన్ని దాటి, చివరికి 2,632 దగ్గర ఆగాడు. ఇలాంటివి జరిగాయి కాబట్టే బేస్‌బాల్ అభిమాని "ఇది ఎప్పటికీ చెదరదు" అనే ముందు కాస్త వెనకాడాలి.

జూన్ మధ్యకల్లా పత్రికలవాళ్లు మేలుకున్నారు. యాంకీస్ జట్టు రికార్డు 29 ఆటలు. జూన్ 17న, ముప్ఫయ్యో ఆటలో, మళ్లీ వైట్ సాక్స్ ఎదురుపడ్డారు. డిమాజియో కొట్టిన బంతి నేలమీద దొర్లుతూ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) ల్యూక్ యాప్లింగ్ వైపు వెళ్లింది. మామూలుగా అయితే తేలిగ్గా ఔటయ్యే బంతి. చివరి క్షణంలో అది ఎగిరి యాప్లింగ్ భుజానికి తగిలింది. డిమాజియో మొదటి బేస్ చేరిపోయాడు. ఇది హిట్టా, ఫీల్డర్ తప్పా? ఆ రోజుల్లో అధికారిక స్కోరర్ పని చేసేది పత్రికా రచయితలే. ఆ రోజు ఆ కుర్చీలో ఉన్నది డాన్ డేనియల్. ఆయన హిట్ అని రాశాడు. ఆ రోజు డిమాజియోకు దక్కిన హిట్ అదొక్కటే. డేనియల్ కలం ఇంకో అక్షరం రాసి ఉంటే ఇవాళ మనం 56 గురించి మాట్లాడుకునే పనే లేదు. విలియమ్స్ పక్షం వాళ్లు ఇప్పటికీ ముందుగా తీసే పేజీ ఇదే. నా మటుకు నాకు ఆ నిర్ణయం సబబుగానే తోస్తుంది. నేల వంకరకు ఫీల్డర్‌ను తప్పుపట్టడం ఏ స్కోరర్‌కైనా కష్టం.

జూన్ 29న వాషింగ్టన్‌లో ఒకే రోజు రెండు ఆటలు. మొదటిదానిలో హిట్ కొట్టి 1922 నాటి జార్జ్ సిస్లర్ 41ని అందుకున్నాడు. రెండో ఆటకు వచ్చి చూస్తే తను ఎంతో ప్రేమగా వాడుకునే బ్యాట్ లేదు, ఎవరో ఎత్తుకుపోయారు. ఇంకో బ్యాట్‌తో మూడుసార్లు ప్రయత్నించాడు, పని జరగలేదు. అంతకుముందు జట్టు సహచరుడు టామీ హెన్రిక్‌కు తనే ఇచ్చిన బ్యాట్ ఒకటుంది. దాన్ని అడిగి తీసుకుని ఏడో ఇన్నింగ్స్‌లో హిట్ కొట్టాడు. అది 42. పోయిన బ్యాట్ కొద్ది రోజులకు తిరిగొచ్చింది. జూలై 2న యాంకీ స్టేడియంలో రెడ్ సాక్స్ మీద కొట్టిన హోమ్ రన్‌తో విల్లీ కీలర్ 1897లో నెలకొల్పిన 44 కూడా వెనకబడిపోయింది. ఆ బంతి ఎగిరింది లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబడ్డ టెడ్ విలియమ్స్ తలమీదుగానే.

జూలై 17 రాత్రి. క్లీవ్‌లాండ్ మున్సిపల్ స్టేడియంలో 67,468 మంది. అంతకుముందు కురిసిన వానకు బ్యాటర్ నిలబడే చోట నేల ఇంకా తడిగానే ఉంది. థర్డ్ బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ మామూలు కంటే బాగా వెనక్కి, గీతకు దగ్గరగా జరిగి నిలబడ్డాడు. మొదటి ఇన్నింగ్స్‌లో డిమాజియో కొట్టిన బంతి బేస్‌ను ఒరుసుకుంటూ గీత వెంట దూసుకెళ్లింది. కెల్ట్‌నర్ చేయి అడ్డంగా చాచి, తొడుగు వెనక్కి తిప్పి దాన్ని పట్టాడు. ఒరిగిన ఊపుకు గీత అవతలికి పోయి, అక్కణ్ణుంచే మొదటి బేస్‌కు విసిరాడు. వెంట్రుకవాసిలో ఔట్. నాలుగో ఇన్నింగ్స్‌లో వాక్. ఏడో ఇన్నింగ్స్‌లో మళ్లీ అదే దారిలో బంతి, మళ్లీ అదే కెల్ట్‌నర్, మళ్లీ ఔట్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు బేసుల మీదా యాంకీస్ మనుషులున్నారు, పిచర్ జిమ్ బాగ్బీ. డిమాజియో కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ లూ బౌడ్రో ముందు వంకరగా ఎగిరింది. నెల క్రితం యాప్లింగ్ దగ్గర ఎగిరినట్టే. బౌడ్రో దాన్ని వదల్లేదు, ఒకే బంతికి ఇద్దరు ఔట్. యాంకీస్ 4–3తో గెలిచింది. డిమాజియో హిట్ల వరుస 56 దగ్గర ఆగింది. మర్నాటి నుంచి ఇంకో 16 ఆటల్లో అతను వరసగా హిట్లు కొట్టాడు.

ఈ 56కు ముందు ఒక 61 కూడా ఉంది. 1933లో, పద్దెనిమిదేళ్ల వయసులో, శాన్ ఫ్రాన్సిస్కో సీల్స్ తరఫున పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఇదే డిమాజియో వరుసగా 61 ఆటల్లో హిట్ కొట్టాడు. ఒకే మనిషి జీవితంలో ఇలాంటిది రెండుసార్లు జరిగిందంటే దాన్ని పూర్తిగా అదృష్టం ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు.

బోస్టన్‌లో విలియమ్స్ కథ అన్నాళ్లూ పక్కనే నడుస్తోంది. ఫెన్‌వే పార్క్‌లో లెఫ్ట్ ఫీల్డ్ గోడలోనే స్కోరుబోర్డు ఉంటుంది. లోపల కూర్చున్న మనిషి పలకలు మారుస్తూ అంకెలు పెడతాడు. డిమాజియో హిట్ కొట్టిన కబురు అందగానే అతను ఆ సందులోంచి విలియమ్స్‌కు చెప్పేవాడు. విలియమ్స్ పక్కనున్న సెంటర్ ఫీల్డర్‌కు కేకేసి చెప్పేవాడు. ఆ సెంటర్ ఫీల్డర్ డామ్ డిమాజియో, జో సొంత తమ్ముడు. తమ్ముడికి అన్న కబురు అందించిన విలియమ్స్, వరుస సాగిన ఆ రెండు నెలల్లో 0.412 సగటుతో ఆడుతున్నాడు. ఊరూవాడా కీర్తించిన జో సగటు అదే కాలంలో 0.408. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టినప్పుడల్లా న్యూయార్క్ అభిమానులు కాసేపు మాట మారుస్తారు.

సెప్టెంబరు చివరికి విలియమ్స్ సగటు 0.39955కి దిగింది. ఇంకా ఒక్క రోజు ఆట ఉంది, 28న ఫిలడెల్ఫియాలో రెండు మ్యాచ్‌లు. ఆడకుండా కూర్చుంటే ఆ సగటును మూడు అంకెలకు కుదించి 0.400 అని రాసేవారు. ఇష్టమైతే విశ్రాంతి తీసుకోమని మేనేజర్ జో క్రోనిన్ చెప్పాడు కూడా. దశాంశ బిందువు తర్వాతి అంకెలు మనిషిని ఎంత వేధిస్తాయో మనకు తెలుసు. 1948లో ఓవల్ మైదానంలో నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు 100 అయ్యేది, బ్రాడ్‌మన్ సున్నాకు ఔటై 99.94 దగ్గర ఆగిపోయాడు. విలియమ్స్ ముందు రాత్రి జట్టు సామాన్లు చూసే జానీ ఓర్లాండోతో కలిసి ఫిలడెల్ఫియా వీధులన్నీ తిరిగాడు. పొద్దున మైదానంలోకి దిగాడు. బ్యాటు పట్టుకుని నిలబడగానే ప్రత్యర్థి క్యాచర్, మేం నీకేదీ ఊరికే ఇచ్చెయ్యం అన్నట్టు చెప్పాడు. మొదటి మ్యాచ్‌లో అయిదింటికి నాలుగు హిట్లు, అందులో ఒకటి హోమ్ రన్. అక్కడితో ఆపినా ఎవరూ ఏమీ అనేవారు కాదు, రెండో మ్యాచూ ఆడి మూడింటికి రెండు కొట్టాడు. మొత్తం 456 వంతులకు 185 హిట్లు, సగటు 0.406. అప్పుడతనికి 23 ఏళ్లు. ఆ కాలపు నిబంధన ప్రకారం, బంతిని గాల్లోకి కొట్టి తను ఔటైనా బేస్ మీదున్న సహచరుడికి పరుగు తెచ్చిపెట్టిన వంతును కూడా బ్యాటర్ వైఫల్యం కిందే రాసేవారు. 1954లో ఆ నిబంధన మారింది. కొత్త పద్ధతిలో లెక్కిస్తే విలియమ్స్ సగటు ఇంకా పెరుగుతుంది.

ఆ ఏడాది అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతికి పత్రికా రచయితలు ఓటేశారు. డిమాజియోకు 291 పాయింట్లు, విలియమ్స్‌కు 254. అదీ అసలు తగవు. డిమాజియో సీజన్ సగటు 0.357, హోమ్ రన్లు 30. విలియమ్స్‌వి 37. వాక్‌లు కూడా కలుపుకుంటే విలియమ్స్ నూటికి 55 సార్లకు పైగా బేస్ చేరాడు. డిమాజియో పక్షం వాళ్లు చెప్పేదాంట్లోనూ పస ఉంది. యాంకీస్ లీగ్ గెలిచింది, రెడ్ సాక్స్ 17 ఆటలు వెనకబడింది. సెంటర్ ఫీల్డ్‌లో డిమాజియో పరుగు, అంచనా, విసురు విలియమ్స్‌కు లేవు. ఏడాది మొత్తంలో డిమాజియో స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔటవడం) అయింది కేవలం 13 సార్లు. అయినా నా తీర్పు ఇది: 1941లో అమెరికాలో మేటి బ్యాటర్ విలియమ్సే, ఆ బహుమతి అతనికి రావలసింది. 1947లో ఇదే మళ్లీ జరిగింది. సగటు, హోమ్ రన్లు, జట్టుకు తెచ్చిన పరుగులు, మూడింటిలోనూ విలియమ్స్ లీగ్‌కు మొదటివాడు. బహుమతి మాత్రం ఒక్క పాయింటు తేడాతో, 202–201తో, డిమాజియో ఇంటికి పోయింది.

గొప్పతనం ఒకటి, చెదరకపోవడం ఇంకొకటి. అభిమానులు ఈ రెంటినీ కలగలిపేయడంతోనే వాదన ఒక కొలిక్కి రాదు. సై యంగ్ 1890 నుంచి 1911 దాకా పిచర్‌గా 511 ఆటలు గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న వాల్టర్ జాన్సన్‌వి 417. ఇరవై ఏళ్లపాటు ఏటా 25 గెలిచినా 500 దగ్గరే ఆగాలి, ఇప్పుడు ఒక్క సీజన్‌లో 20 గెలిచే పిచర్ దొరకడమే అరుదు. కారణం, యంగ్ మొదలుపెట్టిన ఆట 749 సార్లు తనే ముగించాడు. ఇవాళ పిచర్ అయిదారు ఇన్నింగ్స్ వేసి దిగిపోతే మిగతాది ముగ్గురు నలుగురు పంచుకుంటారు, మళ్లీ అతని వంతు అయిదారు రోజులకు గానీ రాదు. ఆ 511 చెదరదు, నిజమే. దాన్ని కాపాడుతున్నది యంగ్ భుజబలం కంటే మారిన పని పద్ధతి. నిబంధనలూ ఇంతే. 1968లో పిచర్లు మరీ చెలరేగిపోతే మరుసటి ఏడు వాళ్లు నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఆ రెండేళ్ల అంకెలను పోల్చేవాడు ఈ అయిదు అంగుళాలను మరిచిపోకూడదు.

0.400 ఎందుకు మాయమైందో చెప్పినవాడు జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్. 1996లో వచ్చిన 'ఫుల్ హౌస్' పుస్తకంలో ఆయన వాదన ఇది: బ్యాటర్లు చవట్లవలేదు, అందరి స్థాయీ పెరిగింది. బలహీనమైన పిచర్లు, నెమ్మదైన ఫీల్డర్లు తగ్గేకొద్దీ మేటివాడికీ సగటువాడికీ మధ్య దూరం కుంచించుకుపోయింది. 1980లో జార్జ్ బ్రెట్ 0.390 దాకా, ఆటగాళ్ల సమ్మెతో ఆగస్టులోనే ఆగిన 1994 సీజన్‌లో టోనీ గ్విన్ 0.394 దాకా వచ్చి ఆగిపోయారు. నాకీ వాదన నచ్చుతుంది. పాతవాళ్లను తక్కువ చేయకుండానే కొత్తవాళ్లకు ఇవ్వాల్సిన విలువ ఇస్తుంది.

ఆ గౌల్డే 56 గురించి ఇంకో మాట రాశాడు. ఆయన మిత్రుడు, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎడ్వర్డ్ పర్సెల్, బేస్‌బాల్ వరుసలన్నీ లెక్కగట్టి, యాదృచ్ఛికతతో వివరించలేనిది డిమాజియో వరుస ఒక్కటే అని తేల్చాడట. లెక్క మనమూ వేసి చూడొచ్చు. 0.350 సగటున్న బ్యాటర్‌కు ఆటకు నాలుగు వంతులొస్తే కనీసం ఒక హిట్ కొట్టే అవకాశం 82 శాతం. అదే 56 ఆటల్లో వరుసగా జరగడానికి అవకాశం సుమారు 60 వేలలో ఒకటి. ఈ మధ్య లీగ్ సగటు 0.250కి దిగువనే ఉంటోంది. 0.250 బ్యాటర్‌కైతే ఆ అవకాశం సుమారు 180 కోట్లలో ఒకటి. 2008లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు గణితజ్ఞులు బేస్‌బాల్ చరిత్ర మొత్తాన్ని కంప్యూటర్‌లో పదివేలసార్లు తిరిగి ఆడించి, అంత పొడవు వరుస ఎవరో ఒకరికి రావడం మనం అనుకున్నంత అరుదు కాదని చూపించారు. సరే, ఎవరో ఒకరికి వచ్చేదే అనుకుందాం. 1941 తర్వాత దాని దగ్గరికి వచ్చినవాడు 1978లో పీట్ రోజ్ ఒక్కడే, అతనూ 44 దగ్గర ఆగాడు. చెదరడం కష్టమన్న లెక్కలో నేను 56నే ముందు పెడతాను. సగటులో ఒక చెడ్డ రోజును మర్నాడు పూడ్చుకోవచ్చు. వరుసకు ఆ వెసులుబాటు లేదు.

ఈ రెండు అంకెలకూ పక్కనే ఉన్న మూసిన తలుపు సంగతి చెప్పకపోతే చరిత్ర రాసినట్టు కాదు. 1941లో అమెరికన్, నేషనల్ లీగుల్లో ఒక్క నల్లజాతి ఆటగాడికీ చోటు లేదు. రాతపూర్వకమైన నిబంధన లేకుండానే అందరూ కలిసి పాటించిన నిషేధం అది. సాచెల్ పెయిజ్, జోష్ గిబ్సన్ లాంటివాళ్లు నీగ్రో లీగ్స్‌లో ఆడేవారు. డిమాజియో యాంకీస్‌లో చేరక ముందు, 1936లో, కాలిఫోర్నియాలో ఒక ప్రదర్శన మ్యాచ్‌లో పెయిజ్‌ను ఎదుర్కొన్నాడు. తను ఎదుర్కొన్న పిచర్లలో అతణ్ణి మించినవాడు లేడని తర్వాత తనే చెప్పాడు. ఆ 56 ఆటల్లో మాత్రం పెయిజ్ బంతి ఒక్కటీ అతని మీదకు రాలేదు.

2024 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920–1948 నాటి నీగ్రో లీగ్స్ అంకెలను తన అధికారిక పుస్తకంలో కలిపింది. అంతవరకు జీవితకాల సగటులో టై కాబ్ 0.367 మొదటి స్థానంలో ఉండేది. ఒక్క బంతీ పడకుండానే ఆ చోటు గిబ్సన్ 0.372కి దక్కింది. ఒక సీజన్ సగటులో 1943 నాటి అతని 0.466 అన్నిటికీ పైన నిలిచింది. అంటే విలియమ్స్ 0.406 తర్వాత రెండేళ్లకే పుస్తకంలో అంతకు మించిన అంకె ఉంది. చాలామంది అభిమానులు దీన్ని ఒప్పుకోరు. ఆ లీగ్స్ సీజన్లు చిన్నవి, చాలా ఆటల లెక్కలు దొరకలేదు అంటారు. సీజన్ చిన్నదన్న మాట నిజమే. కరోనా వచ్చిన 2020లో మేజర్ లీగ్ ఆడించిందీ 60 ఆటలే, ఆ సగటులను పుస్తకంలో రాయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. లెక్కలు దొరక్కపోవడానికి కారణం గిబ్సన్ కాదు. అతణ్ణి బయట నిలబెట్టినవాళ్ల తప్పుకు అతని అంకెను తగ్గించడం న్యాయం కాదు.

ఈ సంగతి అందరికంటే ముందు బాహాటంగా మాట్లాడినవాళ్లలో టెడ్ విలియమ్స్ ఒకడు. 1966 జూలై 25న కూపర్స్‌టౌన్‌లో తనను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న వేదిక మీదే, అవకాశమే దక్కని గొప్ప నల్లజాతి ఆటగాళ్లకు ప్రతీకలుగా పెయిజ్, గిబ్సన్ పేర్లు కూడా ఏదో ఒకరోజు ఇక్కడ చేరాలని కోరాడు. అప్పటికి అక్కడ, ఆ మూసిన తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ ఉన్నాడు గానీ, నీగ్రో లీగ్స్ ఆటకు గుర్తింపుగా చేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. పెయిజ్‌ను 1971లో, గిబ్సన్‌ను 1972లో చేర్చుకున్నారు. గిబ్సన్ 1947 జనవరిలోనే, 35 ఏళ్లకు చనిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలకు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ మైదానంలో అడుగుపెట్టాడు. వచ్చే భాగం ఆ రోజుతో, ఏప్రిల్ 15తో, మొదలవుతుంది.